ఇంజను పీల్చు గాలి

ఆహారము లేక మనుష్యుడు కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు బ్రతుకవచ్చును. గాలి లేక కొన్ని నిమిషములకు మించి బ్రతుకజాలడు. మోటారు ఇంజను సంగతియు ఇట్టిదే. పెట్రోలు ధర పెరిగినచో ఊరంతయు మాటలాడును. ఇంజను ఆయిలు మార్చిన తేదీని డ్రైవరు జ్ఞాపకముంచుకొనును. గాలి మాత్రము ధర లేని వస్తువగుటచే దానిని గూర్చి విచారించువారు అరుదు.

తెలుగు బోధించువారికి ఇంజనుతో ఏమి పని యని కళాశాల కమిటీ పెద్దలు అడుగవచ్చును. మా తండ్రిగారు దేవరకొండ ప్రాంతమున అద్దె జీపు నడిపి మమ్ము చదివించినారు. మా విద్యార్థులలోను లారీ, ఆటో, ట్రాక్టరు, మెకానికు షెడ్డు - వీనిపై ఆధారపడిన కుటుంబములవారు పలువురు గలరు. గత సంవత్సరము అట్టి విద్యార్థి యొకడు తరగతి ముగిసిన పిమ్మట మా యొద్దకు వచ్చెను. వారి అన్నగారు వాయిదాల పద్ధతిపై పాత కారు కొని టాక్సీగా నడుపుచున్నారు. ఆ కారునకు ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ అను సామాను పెట్టించినచో బలము, మైలేజి రెండును పెరుగునని ఒక దుకాణమున చెప్పిరట. దాని ధర ఇంచుమించు వారి ఒక నెల వాయిదాతో సమానము. “సార్, కొనాల్నా? లేకుంటే ఉస్తాద్ షెడ్ల చేపియ్యాల్నా?” అని అతడు అడిగెను.

ఆనాడు మేము వెంటనే సమాధానము చెప్పలేదు. తెలిసినవారిని అడిగి, చదివి, చూచి, ఇప్పుడు చెప్పుచున్నాము. ఈ ప్రశ్న అతనిది మాత్రమే కాదు గనుక ఈ సంచికలో వ్రాయుచున్నాము.

ఎంత గాలి?

ఇంజను లోపల జరుగు పని సూక్ష్మముగా ఇది. పిస్టను క్రిందికి దిగునప్పుడు సిలిండరులోనికి గాలి చొచ్చును. పైకి లేచునప్పుడు ఆ గాలి అణగును. ఇంధనము మండి పిస్టనును మరల క్రిందికి నెట్టును. పిమ్మట పొగ వెడలిపోవును. పెట్రోలు చక్కగా మండుటకు, బరువులో ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి కావలెను. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ తూగును. కావున దానికి సుమారు 11 కిలోల గాలి అవసరము. వేసవిలో మహబూబ్‌నగరు మిట్టమీద 11 కిలోల గాలి ఆక్రమించు చోటు దాదాపు 10,000 లీటర్లు. మన మిద్దెలపై నుండు వెయ్యి లీటర్ల నల్లని నీళ్ల ట్యాంకులు పది వరుసగా నిలిపినచో ఎంత చోటగునో, లీటరు పెట్రోలునకు అంత గాలి యన్నమాట.

హైదరాబాదు నుండి షాద్‌నగరు, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగరునకు సుమారు 100 కిలోమీటర్లు. లీటరునకు 15 కిలోమీటర్లు నడుచు కారు ఈ ఒక్క ప్రయాణములోనే 60,000 లీటర్లకు పైగా గాలిని పీల్చును. ఆ గాలి వేడిదా, చల్లనిదా, దానిలో ఏమి కలిసియున్నది అను ప్రశ్నలు ఇందువలననే ముఖ్యమైనవి.

చల్లదనము వలన లాభమెంత?

గాలి వేడెక్కిన కొలది వ్యాకోచించి పలుచనగును. పలుచని గాలిలో ప్రాణవాయువు తక్కువ. ప్రాణవాయువు తక్కువైనచో మండింపగల ఇంధనమును తక్కువే. చల్లగాలి సిద్ధాంతమంతయు ఇంతమాత్రమే.

లెక్క చూతము. ఎండలో ఆగియున్న కారు బోనెట్టు క్రింద గాలి 70 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరినదనుకొందము. వెలుపలి గాలి 40 డిగ్రీలు. పరమ శూన్యము నుండి లెక్కించినచో ఇవి క్రమముగా 343, 313 కెల్విన్లు. మొదటి దానిని రెండవ దానిచే భాగించినచో 1.096 వచ్చును. అనగా వెలుపలి గాలి నూటికి తొమ్మిదిన్నర పాళ్లు చిక్కన. ఇంతవరకు లెక్క చెప్పి దుకాణదారుడు ఆగును. మనము ఆగరాదు.

మొదటి సంగతి. చల్లగాలి సిలిండరు చేరులోపల వేడి గొట్టములను, వేడి వాల్వులను తాకి కొంత వేడెక్కును. అందుచేత పెట్రోలు ఇంజనుల బలమును సవరించి లెక్కించు ఇంజనీర్లు ఈ నిష్పత్తికి వర్గమూలమును తీసికొనుట వాడుక. 1.096కు వర్గమూలము 1.047. కావున తొమ్మిదిన్నర కాస్త నాలుగున్నర, ఐదు పాళ్లకు దిగినది.

రెండవ సంగతి. పాత గాలి నిజముగా 70 డిగ్రీలదైననే ఈ లాభము. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారులో ఎయిర్ క్లీనరు ఇంజను పక్కనే యుండి బోనెట్టు క్రింది వేడిగాలినే పీల్చెడిది. అట్టి బండికి ఈ ఉపాయము పనికివచ్చును. ఇప్పటి కార్లలో పెక్కింటికి గాలిమూతి ముందరి జాలీ వెనుకనో, హెడ్‌లైటు పక్కననో తయారుచేసినవారే అమర్చియుందురు. బండి పరుగెత్తుచున్నప్పుడు అవి ఇంచుమించు వెలుపలి గాలినే పీల్చును.

మూడవ సంగతి మైలేజి. పూర్తిగా యాక్సిలేటరు త్రొక్కినప్పుడే చిక్కని గాలి బలమగును. సాధారణ ప్రయాణములో డ్రైవరు తనకు కావలసినంతయే త్రొక్కును. అప్పుడు గాలి చిక్కనైనచో థ్రాటిలు మరికొంత మూసికొనును, అంతియే. మైలేజి పెరుగదు. మురికి ఫిల్టరు వలన మైలేజి పడిపోవునను మాటయు ముఖ్యముగా కార్బురేటరు కాలపుది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఇంధనమును కంప్యూటరు కొలిచి చిమ్ము కార్లపై పరీక్ష జరిపి, ఫిల్టరు మూసుకొన్నచో వేగమందుకొనుట మందగించును గాని ఇంధనపు ఖర్చులో చెప్పుకోదగిన భేదము లేదని తేల్చినది.

నాల్గవ సంగతి. కారు ముందరి గాలి దానంతటదే గొట్టములోనికి తోసికొని వచ్చునని కొందరి నమ్మకము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఆ తోపు సుమారు 270 పాస్కలులు మాత్రమే. వాతావరణపు ఒత్తిడిలో అది వెయ్యింట మూడు పాళ్లు కూడ కాదు.

ఐనను చల్లగాలికి ఒక నిజమైన మేలు గలదు. మే మాసములో మన నల్లగొండ 44, 45 డిగ్రీల ఎండను చూచును. అట్టి గాలి ఇంజను గదిలో మరింత కాగి లోనికి పోయినచో పెట్రోలు సమయమునకు ముందే మండి ఇంజను ‘కొట్టుకొనును’. నేటి ఇంజనులలో కంప్యూటరు దీనిని పసిగట్టి, నిప్పురవ్వ సమయమును వెనుకకు జరిపి, బలమును తగ్గించి కాపాడును. కావున ఆగుచు సాగుచు నుండు పట్టణపు రద్దీలో, ఏ.సి. వేసిన కారునకు చల్లగాలి మేలు చేయును.

లారీల సంగతి

మహబూబ్‌నగరు సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున గలదు. అచట వాతావరణపు ఒత్తిడి సముద్రతీరమునకంటె నూటికి ఆరు పాళ్లు తక్కువ. ఆ లోటును ఏ గొట్టమును తీర్పజాలదు. గాలిని బలవంతముగా అణచి లోనికి పంపు టర్బో తీర్పగలదు. కాని అణచిన గాలి వేడెక్కును. సైకిలు పంపు కొట్టినవారందరు దీనిని చేతితో ఎరిగియుందురు. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి అణచినచో అది నూరు డిగ్రీలు దాటును. అందుచేత టర్బోకు, ఇంజనుకు నడుమ రేడియేటరు వంటి ఇంటర్‌కూలరును పెట్టి ఆ గాలిని చల్లార్తురు. చల్లగాలి సిద్ధాంతము నిజముగా ఫలించినది ఇక్కడనే. వాడపల్లి, మేళ్లచెరువు ప్రాంతముల నుండి సిమెంటు మోయు లారీలవారు కొత్త సామాను కొననక్కరలేదు. ఉన్న ఇంటర్‌కూలరు రెక్కలలో చిక్కిన దుమ్మును, ఊకను కడిగించి, దాని రబ్బరు గొట్టములు బిగువుగా నున్నవో లేవో చూచుకొన్నచో చాలును.

మన మిట్టనేల దుమ్ము

ఇంతవరకు వేడిని గూర్చి చెప్పితిమి. మన ప్రాంతమున ఇంజనుకు వేడికంటె పెద్ద శత్రువు దుమ్ము.

నల్లగొండ, పాలమూరు మిట్టల క్రింద నున్న గ్రానైటు, నైసు శిలలు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ఆ శిలలు చివికి యేర్పడినవే మన చల్క నేలలు, దుబ్బ నేలలు. ఊరి దారులపై పరచు మొరమును అట్టిదే. ఈ మట్టిలో పలుగురాయి పొడి విస్తారముగా నుండును. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోస్ కొలబద్దపై పలుగురాయి స్థానము 7. ఒక పలుగురాతి ముక్కతో ఉక్కు చాకుపై గీచి చూచినచో గీత పడును. సిలిండరు గోడ యగు పోతయినుము దీనికి తాళజాలదు.

మనిషి వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనిపించు రేణువులకంటె 10, 20 మైక్రాన్ల రేణువులు ఎక్కువ అపాయకరములు. ఇవి పిస్టను రింగులకు, సిలిండరు గోడకు నడుమ నున్న ఆయిలు పొరలో చేరి సానపొడి వలె పనిచేయును. రింగులు అరుగును, ఒత్తిడి తగ్గును, ఆయిలు పైకెక్కి మండును, నీలిపొగ వచ్చును. డ్రైవరు ఆయిలును, పెట్రోలును నిందించును. నిజమైన దోషి గాలిలో వచ్చి గాలిలో పోయినది.

పెద్దలు ఈ దుమ్మును ఎరిగియే ట్రాక్టర్లకు, జీపులకు నూనెతొట్టి ఎయిర్ క్లీనరును పెట్టిరి. దానిలో గాలి పైనుండి దిగి, తొట్టిలోని ఆయిలు దగ్గర హఠాత్తుగా మలుపు తిరిగి పైకి లేచును. గాలి తేలికైనది గనుక తిరుగును. దుమ్ము బరువైనది గనుక తిరుగలేక ఆయిలులో పడును. మిగిలినది నూనె తడిసిన తీగెవలలో చిక్కును. ఆయిలు గుర్తుకు తక్కువైనచో దుమ్ము పట్టుబడదు, ఎక్కువైనచో ఆయిలే ఇంజనులోనికి పోవును. నేటి బండ్లలో దీని స్థానమున మడతల కాగితపు ఫిల్టరు వచ్చినది. అది ఇంకను సన్నని దుమ్మును పట్టును. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఆయకట్టులో వరికోతల కాలమున ఊక, దుమ్ము కలిసి ఎగయును గనుక, హార్వెస్టరు నడుపువారు ఫిల్టరుకు ముందున్న ప్రీక్లీనరు గిన్నెను తరచుగా ఖాళీ చేయుదురు.

మా తండ్రిగారి జీపు

మేము ఎనిమిదవ తరగతి చదువుచుండగా మా తండ్రిగారి జీపు నీలిపొగ వదలనారంభించినది. రీబోరు చేయింపవలెననిరి. మా తల్లిగారి బంగారు గాజులు కుదువపెట్టి, ఒక షెడ్డులో సిలిండర్లు తొలిపించి, కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేయించినారు. నాలుగు నెలలు తిరుగకముందే మరల నీలిపొగ. షెడ్డువారు “ఎక్కువ మందిని ఎక్కించినవు” అని మా తండ్రిగారినే తప్పుపట్టిరి.

మా గల్లీలో నుండు వృద్ధ ఉస్తాద్ ఒక సాయంత్రము వచ్చి బోనెట్టు ఎత్తించెను. ఇంజనును విప్పలేదు. “భాయ్, తెల్ల దస్తీ ఉన్నదా?” అని అడిగెను. మా తండ్రిగారు జేబులోని దస్తీ ఇచ్చిరి. ఉస్తాద్ ఎయిర్ క్లీనరుకు అవతల, ఇంజను వైపున నున్న గొట్టమును ఊడదీసి, వ్రేలికి దస్తీ చుట్టి లోపల తుడిచెను. దస్తీపై ఎర్రమట్టి. ఆయన దానిని మాకు చూపి, “చూస్తివా బేటా, ఇంజన్ నోట్ల మట్టి పోసిండ్రు” అనెను. ఎయిర్ క్లీనరు నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము అడుగున పగిలియుండెను. రీబోరు చేసి బిగించునప్పుడు ఆ పగులును చూచి, కొత్త గొట్టము వేయక, గుడ్డ చుట్టి కట్టియుండిరి.

గొట్టము ఖరీదు స్వల్పము. పోయిన ఇంజను మాత్రము తిరిగి రాలేదు, గాజులును తిరిగి రాలేదు. మా తండ్రిగారు జీపును అమ్మి, తరువాత చాల సంవత్సరములు ఇతరుల బండ్లపై డ్రైవరుగా పనిచేసినారు. ఫిల్టరుకును ఇంజనుకును నడుమ నున్న మూరెడు గొట్టము ఒక కుటుంబపు స్థితిని మార్చగలదని మేము ఆనాడు తెలిసికొంటిమి.

కొనుటయా, చేయించుటయా?

ఇక విద్యార్థి ప్రశ్నకు వత్తము. అంగడిలో అమ్ము సామాను ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, కాగితపు ఫిల్టరు పెట్టెను తీసివేసి బోనెట్టు క్రిందనే గరాటు ఆకారపు ఫిల్టరును తెరచియుంచునది. ఇది పేరునకు చల్లగాలి, నిజమునకు ఇంజను గదిలోని వేడిగాలినే పీల్చును. దీనివలన పెరుగునది ముఖ్యముగా శబ్దము. యువకులు దానిని బలమని భ్రమించుదురు. రెండవది, పొడవైన గొట్టముతో బంపరు క్రిందివరకు పోవునది. ఇది చల్లని గాలినే తెచ్చును గాని, దుమ్మును నీటిని కూడ తెచ్చును. మూడవది, మూసిన పెట్టెలో ఫిల్టరు నుంచి, ముందరి జాలీ నుండి గాలిదారి కల్పించునది. మూడింటిలో ఇదియే బుద్ధిగలది.

ఈ సామానులో తరచుగా నూనె పూసిన నూలువల ఫిల్టరును వాడుదురు. అది గాలిని సులభముగా వదలును గాని, సాధారణముగా సన్నని దుమ్మును సైతము కాగితముకంటె ఎక్కువగా వదలును. ఎయిర్ క్లీనర్ల పరీక్షకు ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణము గలదు. కొనువారు ఆ పరీక్ష ఫలితమును అడుగవలెను. చూపనిచో కొనరాదు. నూనె ఎక్కువ పూసినచో గాలిని కొలుచు సెన్సరుపై పడి లెక్క తప్పించు అవకాశమును గలదు. ఆ సెన్సరున్న చోట గొట్టపు వ్యాసము మారినను గాలి లెక్క తప్పి ఇంధనపు పాళ్లు చెడును.

చేయించుకొనువారికి మా సూచనలు ఇవి.

మొదట కొలువవలెను. ఇటీవలి కార్లలో స్కానరు తగిలించినచో ఇంజను పీల్చు గాలి ఉష్ణోగ్రత కనిపించును. ఎండలో ఆగియున్నప్పుడు, 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు రెండుమార్లు చూచి, వెలుపలి ఉష్ణోగ్రతతో పోల్చవలెను. పరుగులో భేదము స్వల్పమైనచో డబ్బును జేబులోనే యుంచుకొనవలెను.

భేదము ఎక్కువైనచో, కంపెనీ ఇచ్చిన పెట్టెను, కాగితపు ఫిల్టరును కదలింపక, పెట్టె మూతికి ముందున్న దారిని మాత్రమే మార్చవలెను. ముందరి జాలీ వెనుక నుండి పెట్టెవరకు గొట్టము వేయవలెను. దాని వ్యాసము పాత మూతికంటె తగ్గరాదు. మలుపులు తక్కువగా నుండవలెను. నీళ్ల పి.వి.సి. పైపు సుమారు 80 డిగ్రీల వేడికి మెత్తబడును గనుక పొగగొట్టము సమీపమున వాడరాదు. అల్యూమినియము రేకును వంచి, అంచులకు రబ్బరు బీడింగు వేసి, పెట్టెకును వేడి ఇంజనుకును నడుమ అడ్డుగా నిలుపవలెను. ఈ రేకు ఖర్చు తక్కువ, ఫలితము ఎక్కువ.

ఫిల్టరు తరువాతి గొట్టమును కోయరాదు, తొలువరాదు. రెండు కొసల క్లాంపులు బిగువుగా నుండవలెను. గుడ్డ, టేపు, బంక - ఇవి అక్కడ నిషిద్ధములు. ఫిల్టరును మాటిమాటికి తీసి నేలకు కొట్టి దులుపుటయు తప్పే. కాగితము చినుగును, తీసిన ప్రతిసారి కొంత దుమ్ము లోనికి జారును. పని ముగిసి వెయ్యి కిలోమీటర్లు తిరిగిన పిమ్మట తెల్ల దస్తీతో తుడిచి చూడవలెను. దస్తీ తెల్లగా నున్నచో పని సఫలము.

నీరు, చట్టము

గాలిమూతిని క్రిందికి దింపినవారికి వానకాలములో నీటి భయము గలదు. నీరు అణగదు. సిలిండరులోనికి నీరు చొచ్చినచో పైకి లేచు పిస్టను దానిని ఢీకొని కనెక్టింగు రాడ్డు వంగును. వాగుల మీద లోలెవలు కాజ్‌వేలు మనకు కొత్త కావు. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులు చెరువులైన సంగతి మరువలేదు. కావున గాలిమూతి హెడ్‌లైటు మట్టమునకు దిగువన ఉండరాదు. నీటిలో బండి ఆగిపోయినచో మరల స్టార్టు చేయక నెట్టుకొని వెలుపలికి తేవలెను.

1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, వాహనపు మౌలిక లక్షణములను తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నముగా మార్చుటను నిషేధించుచున్నది. శబ్దమునకు, పొగకు వేరుగా హద్దులు గలవు. వారంటీలో నున్న బండికి చేయి పెట్టుటకు ముందు కాగితములు చదువుట మేలు.

తుదిమాట

ఒక ఆదివారము మేము, ఆ విద్యార్థి, అతని అన్నగారు కలిసి ఆ ఉస్తాద్ షెడ్డుకు పోతిమి. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గినది, పనిని కుమారుడు చేయుచున్నాడు. స్కానరు పెట్టి చూచితిమి. రోడ్డుపై భేదము లేదు, ఆగియున్నప్పుడు మాత్రము కలదు. ఒక రేకు అడ్డు, ఒక కొత్త ఫిల్టరు, రెండు క్లాంపులు - ఇంతతో పని ముగిసినది. ఆగియున్నప్పటి వేడి కొంత తగ్గినది. అన్నగారు ఆ నెల వాయిదాను తప్పక కట్టినారు.

పెద్దాయన కుర్చీలో కూర్చుండియే వినుచుండెను. “సల్లగాలి మంచిదే బేటా, కాని మొదలు సాఫ్ హవా” అని మాతో అనెను. పిమ్మట ఆ కుర్రవానిని పిలిచి, జేబులోనుండి తన దస్తీ తీసి ఇచ్చి, గొట్టము లోపల తుడిచి తెమ్మనెను. అతడు తెచ్చి చూపెను. ఆయన దానిని వెలుతురునకు ఎత్తి, కండ్లకు దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచి, మడిచి మరల జేబులో పెట్టుకొనెను.

విద్యార్థులారా, ఎవరైనను బలము పెరుగునని చెప్పినచో ఎంత యని అడుగుడు. ఎట్లు కొలిచితిరని అడుగుడు. ఆ తరువాతనే ఇంటివారి డబ్బును వెలుపలికి తీయుడు.